ముందు రేవు, తర్వాతే జలమార్గం



మాది మురమళ్ళ. ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వృద్ధ గౌతమి, ఆ రెండు పాయల మధ్య మా ఐ. పోలవరం మండలం. ఇలా చుట్టూ నీళ్ళు పెట్టుకుని కూడా మేం ఎక్కడికి బయలుదేరినా 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. వీరేశ్వరస్వామి వారికి నిత్యకల్యాణం చేయించుకోవడానికి వచ్చే భక్తులు కార్లలో, బస్సుల్లో వస్తారు. కొబ్బరికాయ లారీలో వెళ్తుంది, సిమెంటు లారీలో వస్తుంది. సంక్రాంతి మూడు రోజులూ మా ఊరి రోడ్డు మీద బండి కదలదు.

పక్కనే నది ఉంది. వరద నాలుగు నెలలు తీసేస్తే ఆ నది మీద చేపల పడవలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. ఇంత నీరు ఉండి, ఇంత రోడ్డు రద్దీ ఉండి, ఈ రెంటికీ లంకె ఎందుకు పడలేదు? ఈ పూట ఆ సంగతి చూద్దాం.

నీటి రవాణాకు సర్కారు ప్రణాళిక లేదని ఎవరూ అనలేరు. 2008 నవంబరులో పార్లమెంటు జాతీయ జలమార్గం–4ను ప్రకటించింది. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, రాజమండ్రి నుంచి విజయవాడకు ఏలూరు కాలువ 139, అక్కడి నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ 113, ఆపైన చెన్నై దాటి మరక్కాణం దాకా బకింగ్‌హాం కాలువ, చివర కలువేలి చెరువు మీదుగా పుదుచ్చేరి. దీనికి తోడు గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లు, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157. మొత్తం 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంలో దేశం మొత్తానికి జలమార్గాల సంఖ్యను 111కు పెంచినప్పుడు మన నాలుగో నంబరు మార్గాన్ని కూడా 2,890 కిలోమీటర్లకు సాగదీశారు. 2017 అక్టోబరు 3న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ముక్త్యాల – విజయవాడ మొదటి దశకు శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఆ పని ఊపందుకోలేదు.

ఇందులో మాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఈ మార్గం చివరి మజిలీ పుదుచ్చేరి. మా ఎదుర్లంక రేవులో నిలబడి చూస్తే గౌతమికి అవతలి గట్టు యానాం, అది పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే. వెయ్యి కిలోమీటర్ల ప్రణాళిక కాగితం మీద పడుకుని ఉండగా, మా దగ్గర్నుంచి పుదుచ్చేరి సర్కారు గడ్డ మీదికి ఒక ఏరు దాటితే చాలు. ఆ ఏరు దాటడానికి కూడా చాలాకాలం మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటే దిక్కు. ఇప్పుడక్కడ వారధి ఉంది. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరు దాకా ఎదిగి, 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరు దానికి పెట్టారు.

ఇక పాత కథకు వెళ్దాం. కాటన్ దొర గురించి గోదావరి జిల్లాల్లో ఎవరికైనా చెప్పబోవడం కొంచెం సాహసమే. విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. అయితే ఆయన గురించి మనం చెప్పుకునే కథలో సగమే ఉంటుంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాడు, కరువు నేల అన్నపూర్ణ అయింది. ఇది మనం చెప్పుకునే సగం. రెండో సగం ఏమిటంటే, ఆర్థర్ కాటన్ దృష్టిలో ఆ కాలువలు పొలానికి నీళ్ళు తెచ్చేవి మాత్రమే కాదు, పంటను బజారుకు తీసుకుపోయే దారులు కూడా. ఆ రోజుల్లో డెల్టాలో రోడ్డు అంటే వానాకాలంలో మోకాలి లోతు బురద. బండి కూరుకుపోతే ఎడ్లు చచ్చిపోయేవి. పండిన ధాన్యం పండిన చోటే ధర లేక పడి ఉండేది. కాలువలో పడవ పెడితే ఒక జత ఎడ్లు లాగలేని బరువును నలుగురు మనుషులు లాక్కుపోగలరు.

అందుకే ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం – ఈ మూడు చోట్లా కాలువల తలకాయల దగ్గర నీటిని వదిలే తలుపులతో పాటు పడవలు దిగడానికి లాకులు కూడా కట్టారు. కాలువ పల్లానికి దిగే ప్రతి చోటా మళ్ళీ ఒక లాకు. ఈ తరం పిల్లలు లాకులంటే బస్సు స్టాపు పేరనుకుంటారు, అందుకని ఒక్క నిమిషం చెబుతాను. పల్లపు నీటి నుంచి మెరక నీటికి పడవ ఎక్కాలి. ముందు కింది తలుపులు తెరిచి పడవను లాకు గదిలోకి తీసుకుంటారు. ఆ తలుపులు మూసేసి, పై తలుపుల్లో ఉన్న చిన్న తూముల్లోంచి నీళ్ళు వదులుతారు. గది నిండేకొద్దీ పడవ తనంతట తాను లేస్తుంది. రెండు వైపులా నీరు సమానమయ్యాక పై తలుపులు తోస్తే తెరుచుకుంటాయి, పడవ సాగిపోతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. లాకు సూపర్‌వైజరు, ఇద్దరు కళాసీలు ఉంటే చాలు.

పడవలు నడిపే తీరు కూడా అంతే నిదానం. వాలుకు పోయేటప్పుడు నీరే తీసుకుపోయేది. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. ఎదురు నీటికి మాత్రం మనుషులు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. గట్టు మీద చెట్లు నీటి అంచుకు కాకుండా వెనక్కి నాటడానికి ఇదొక కారణం, తాడుకు అడ్డు రాకూడదు. గూడు పడవల్లో పెళ్ళివారు వెళ్ళేవాళ్ళు, నాటకాల వాళ్ళు సామానుతో సహా దిగేవాళ్ళు. ధాన్యం, బెల్లం, కొబ్బరి, పెంకు, సున్నం అన్నీ నీటి మీదే. ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది. బకింగ్‌హాం కాలువలో మిగిలిపోయిన ఖాళీలను 1877–78 కరువు పనుల కింద తవ్వి పూర్తిచేశారు. దాంతో కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేది.

కాటన్‌కు ఇదీ చాలలేదు. గోదావరి మీద ఎగువకు పోయి, నాగపూరు, బేరారు పత్తిని నది మీద కిందికి దించి, కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కించాలని ఆయన ఆశ. దారిలో మూడు చోట్ల రాళ్ళ మీద నది తెగిపడుతుంది: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కడితే పడవ ఆగకుండా వెళ్తుందని లెక్క వేశారు. దుమ్ముగూడెంలో పని చాలా వరకు నడిచింది. ఈలోగా బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చేసింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. ఆ తర్వాత కూడా కాటన్ ఊరుకోలేదు. 1878లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని రైళ్ళ కంటే కాలువలే ఈ దేశానికి గతి అని వాదించాడు. కమిటీ వినలేదు. రైల్వే కంపెనీల పెట్టుబడికి వడ్డీ గ్యారంటీ ఇచ్చి కూర్చున్న ప్రభుత్వం వింటుందని ఆయన ఎలా అనుకున్నాడో తెలియదు.

1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరుచుకునే సరికి మద్రాసు – కలకత్తా దారి పూర్తయింది. నెల్లాళ్ళ పడవ ప్రయాణం, రోజుల్లోకి వచ్చేసింది. కాలువ రవాణా రైలు దెబ్బకే చచ్చిపోయిందని సాధారణంగా రాస్తుంటారు. అది పూర్తి నిజం కాదు. కోనసీమలోకి రైలు రానేలేదు. కాకినాడ – కోటిపల్లి లైను గౌతమికి అవతలి గట్టు దగ్గరే ఆగిపోతుంది, కోటిపల్లి – నర్సాపురం లైను వంతెనలు ఇంకా కడుతూనే ఉన్నారు. రైలు రాని చోట కూడా పడవ పోయిందంటే వేరే కారణాలు వెతకాలి.

మొదటి కారణం కాలువలోనే ఉంది. సాగుకు నీరు జోరుగా పారాలి, పడవకు నీరు నిలకడగా ఉండాలి. వాలు ఎక్కువైతే ఎదురు ఎక్కే పడవకు కష్టం, తక్కువైతే చివరి భూములకు నీరు అందదు. కాటన్ కాలంలో ఆయకట్టు తక్కువ, నీరు దండి, ఇద్దరికీ సరిపోయింది. తర్వాత రెండో పంట దాళ్వా వచ్చింది, ఆయకట్టు పెరిగింది, ప్రతి క్యూసెక్కుకూ లెక్క వచ్చింది. ఇప్పుడు ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఆ నడుమ పూడిక తీత, మరమ్మతులు. ఏడాదికి నెలన్నర పైగా మూతపడే దారి మీద ఏ వ్యాపారి లంగరు వేస్తాడు?

రెండోది వంతెనలు. ఊరూరా కాలువ దాటడానికి వంతెన అడిగాం. అడగాల్సిందే. కట్టినవాళ్ళు నీటి మట్టం చూసి స్లాబు వేశారు, కింద నుంచి పడవ పోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తెరచాప మాట దేవుడెరుగు, మనిషి నిలబడి గెడ వేసేందుకు కూడా జాగా లేదు. అమలాపురం కాలువ గట్టు మీద నడిచి చూడండి, పడవలో ఎన్ని చోట్ల నడుం వంచాలో మీకే తెలుస్తుంది. దాని మీద గుర్రపుడెక్క, గట్ల మీద ఇళ్ళు, నీళ్ళలోకి ఊరి చెత్త. లాకు తలుపులు చాలా చోట్ల తుప్పు పట్టాయి, కొన్నింటికి అడ్డంగా గోడే కట్టేశారు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కోనసీమ పంట కాలువలను మళ్ళీ సరుకు దారులు చేద్దామన్న ఆలోచన మానుకోవాలి. పెద్ద బార్జీ తిరగాలంటే కాలువ వెడల్పు చేయాలి, వందల వంతెనలు పడగొట్టి ఎత్తుగా కట్టాలి, కొబ్బరి తోటలు సేకరించాలి. అంత ఖర్చుతో వచ్చేది రైతు నీళ్ళకు పోటీ ఒక్కటే. కాలువను చేనుకు వదిలేసి, పడవను నదికి తెచ్చుకుందాం. నదిలో కూడా ముందు మనుషులు, తర్వాత సరుకు.

ఎందుకలా అంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

నీటి రవాణా చౌక. ఇందులో అనుమానం లేదు. జలమార్గాల శాఖ వాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది: ఒక హార్స్ పవరు శక్తి రోడ్డు మీద 150 కిలోలు, పట్టాల మీద 500 కిలోలు, నీటి మీద 4,000 కిలోలు కదుపుతుంది. కానీ ఈ లెక్కలో రేవు నుంచి రేవు దాకా మాత్రమే ఉంది. మా తోటలో దింపిన కొబ్బరికాయను రేవుకు చేర్చాలి, పడవెక్కించాలి, అవతల దింపాలి, మళ్ళీ లారీ ఎక్కించాలి. రెండుసార్లు ఎత్తుడు కూలి, రెండుసార్లు కాయ చిట్లడం. లారీ అయితే తోట గట్టు దాకా వచ్చి, అంబాజీపేట మీదుగా నేరుగా ఉత్తరాదికి పోతుంది. ఆ చౌక మొత్తం ఈ ఎత్తుడు దింపుడులోనే హారతి కర్పూరంలా కరిగిపోతుంది. కొబ్బరికాయ పడవెక్కుతుందని ఎవరైనా మీటింగులో చెబితే నమ్మకండి.

మరి దేశంలో జలమార్గాల సరుకు పెరిగిందా లేదా? పెరిగింది. 2013–14లో సుమారు 1 కోటి 80 లక్షల టన్నులు, 2023–24లో 13 కోట్ల 30 లక్షల టన్నులు. చిన్న పెరుగుదల కాదు. అయితే అది ఎక్కడ పెరిగిందో చూడాలి. మహారాష్ట్రలో అంబా నది సముద్రంలో కలిసే చోట ధరమ్‌తర్ రేవు ఉంది. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు, ఇనుప ఖనిజం బార్జీల మీద నేరుగా ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వస్తాయి. అంటే సముద్రపు పోటు తగిలే నదీముఖం, రెండు చివర్లా సొంత రేవు, ఒకే రకం సరుకు, ఏడాది పొడుగునా గిరాకీ. ఈ నాలుగూ ఉన్న చోట జలమార్గం ప్రభుత్వం తోయకపోయినా నడుస్తుంది. ఈ నాలుగూ లేని చోట శిలాఫలకం మాత్రం మిగులుతుంది.

మన గౌతమికి ఇందులో మొదటిది ఉంది. యానాం, మురమళ్ళ దాకా పోటు తగులుతుంది. పోటెక్కినప్పుడు రేవు మెట్లు మునుగుతాయి, పాటు తీసినప్పుడు బురద బయటపడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ తలుపులు మూసేసిన వేసవిలో కూడా ఈ కింది భాగంలో నీరు ఉంటుంది, ఉప్పు నీరే అనుకోండి. పడవకు ఉప్పు తీపి తేడా లేదు. కష్టమల్లా పైభాగంలో. బ్యారేజీ నుంచి కోటిపల్లి దాకా వేసవిలో ఇసుక తిప్పలే. కాలినడకన చాలా దూరం పోవచ్చు. అదే నది 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి మోసుకొచ్చింది. ఇన్ని వేషాలు వేసే నది మీద లోతు గ్యారంటీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు.

ఈ తంటా మనకొక్కరికే కాదు. యూరప్‌లో రైన్ నది మీద నడిచే బార్జీలు జర్మనీ పరిశ్రమలకు ప్రాణం. ఆ దారి ఎంత పాతదో, దాని మీద ఎంత ఖర్చు పెట్టారో చెప్పలేం. అలాంటి నది మీదే 2018లో, మళ్ళీ 2022 ఆగస్టులో నీళ్ళు తగ్గిపోయి, కౌబ్ అనే ఊరి దగ్గర కొలబద్ద 40 సెంటీమీటర్ల కిందికి దిగింది. బార్జీలు సగం కూడా నింపకుండా నడిచాయి, బొగ్గు, రసాయనాలు ఫ్యాక్టరీలకు ఆలస్యమయ్యాయి. అంతటి రైనుకే అలా అయితే, పైన ఒకదాని తర్వాత ఒకటి ఆనకట్టలు కట్టుకున్న గోదావరి నుంచి ఏం ఆశిస్తాం? పోలవరం డ్యాముకు ఎడమ గట్టున పడవల కోసం లాకులు, సొరంగ మార్గం ప్రణాళికలో ఉన్నాయి. అవి పూర్తయి, జలాశయం నిండితే భద్రాచలం వైపు లోతు బాగా పెరుగుతుంది. అది ఎగువ వాళ్ళకు మేలే. బ్యారేజీ దిగువన ఉన్న మాకు దాంతో వచ్చేది తక్కువ.

సరే, సముద్రం వైపు నుంచి సరుకు తెస్తే? కాకినాడ యాంకరేజి రేవులో ఓడలు దూరంగా లంగరు వేసుకుంటాయి, బియ్యం బార్జీల మీద ఓడల దగ్గరికి వెళ్తుంది. అంటే బార్జీలూ ఉన్నాయి, సరంగులూ ఉన్నారు, ఇటు కోనసీమలో మిల్లులూ ఉన్నాయి. గౌతమి ఒడ్డున బియ్యం నింపుకుని నేరుగా ఓడ దగ్గరికి పోవచ్చు కదా అని మొదట నేనూ సంతోషపడ్డాను. అయితే గౌతమి ముఖద్వారంలో ఇసుక మేటలు వరద వరదకూ జాగా మారతాయి. యానాం దగ్గర విడిపోయే కోరంగి పాయ మీదుగా కాకినాడ అఖాతానికి లోపలి దారి ఉంది, కానీ అది మడ అడవుల్లోంచి పోతుంది. ఆ అడవిని అభయారణ్యంగా కాపాడుకుంటున్నాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్ళు ఆ అడవిలో డ్రెడ్జరు పెడదామంటే ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా. ఇటుక, కంకర, భారీ యంత్ర సామగ్రి లాంటివి నది మీద కొంత దూరం పోవచ్చు, వాటికి తొందర లేదు, చిట్లేది లేదు. అంతకు మించి సరుకు గురించి ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు.

ఇక మనుషుల సంగతి.

2018 జులై 14న మా మండలంలోనే, పశువుల్లంక రేవు దగ్గర, బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలున్న నాటు పడవ మునిగింది. కొత్తగా కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. పిల్లలు పోయారు. ఆ వంతెన వాళ్ళ కోసమే కడుతున్నారు. అదే ఏడాది మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ తిరగబడింది. లోపల తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల పడవ మునిగింది. దాన్ని బయటికి తీయడానికి నెల దాటింది, చివరికి అక్టోబరు 22న కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు వేసి లాగింది. పెద్ద పెద్ద సాంకేతిక బృందాలు వచ్చి చూసి వెళ్ళిన తర్వాత, నీటితో బతికినవాళ్ళ చేతుల మీదుగా ఆ పని జరిగింది.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ పడవలన్నీ ఆపేస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ అవే పడవలు, అవే రేవులు. ఆపేసిన ఆ కొన్నాళ్ళు, నది నడుమ లంకల్లో ఉండేవాళ్ళు ఏం చేయాలో ఏ ఉత్తర్వులోనూ ఉండదు. గర్భిణికి నొప్పులొస్తే పడవ, పిల్లాడికి బడి అంటే పడవ, పాలు అమ్ముకోవాలంటే పడవ. రోడ్డు మీద బస్సుకు పర్మిట్టు, ఫిట్‌నెస్, డ్రైవరుకు లైసెన్సు, టైము టేబులు ఉంటాయి. నీటి మీద వెళ్ళే మనిషికి దైవాధీనం. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో లోతట్టు నౌకల కొత్త చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషను, తనిఖీ, ప్రాణరక్షణ సామగ్రి అన్నీ అందులో ఉన్నాయి. ఆ చట్టం లంక రేవు దాకా దిగి రావాలి.

కేరళలో ఇది ఎప్పటి నుంచో ప్రభుత్వ బాధ్యత. ఆలప్పుళ కేంద్రంగా రాష్ట్ర జలరవాణా శాఖ ఉంది, బస్సుల్లాగే పడవలు వేళకు నడుపుతుంది. 2017 జనవరిలో వైకోం – తవణక్కడవు మధ్య ‘ఆదిత్య’ అనే పడవ వేశారు. 75 మంది కూర్చుంటారు, ఎండతో నడుస్తుంది, మన దేశంలో మొదటి సోలారు ఫెర్రీ అది. డీజిలు పొగ లేదు, ఇంజను మోత లేదు. 2023 ఏప్రిల్ 25న కొచ్చిలో వాటర్ మెట్రో మొదలైంది. బ్యాటరీ పడవలు, ద్వీపాలను నగరంతో కలుపుతాయి. టికెట్టు గేటు దాటితేనే పడవ, లెక్కకు మించి ఒక్కరిని ఎక్కించుకోరు. నాకు అన్నిటికంటే నచ్చింది పడవ కాదు, రేవు. అక్కడ పడవ ఆగే వేదిక నీటి మీద తేలుతుంది. పోటొస్తే పడవతో పాటు అదీ లేస్తుంది, పాటుకు రెండూ దిగుతాయి. ముసలమ్మ అయినా, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి అయినా చదునుగా అడుగు వేసి ఎక్కేయొచ్చు.

మన దగ్గర చెక్క వాలుగా వేసి, దాని మీద మోటారు సైకిలును నలుగురు పట్టుకుని పంటు మీదికి నెడతారు. సఖినేటిపల్లి – నర్సాపురం రేవులో, కోటిపల్లి – ముక్తేశ్వరం రేవులో ఈ దృశ్యం మీకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి పంటు వేలంపాట వల్ల పంచాయతీలకు ఆదాయం వస్తూనే ఉంది. ఆ ఆదాయంలోంచి రేవుకు తిరిగి ఎంత పెట్టారన్నది గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న.

వంతెనలు వస్తున్నాయి కదా, ఇక పడవలెందుకు అని కొందరు అడుగుతారు. నేనూ వంతెనల పక్షమే. కానీ ప్రతి లంకకూ వంతెన రాదు, రాలేదు. నాలుగు వందల గడప ఉన్న లంకకు కోట్ల వంతెన కట్టరు. కట్టినా ఏటి కోతకు లంకే కరిగిపోతుంటే, వంతెన ఎటు దిగుతుంది? వంతెన ఉన్న చోట కూడా నది పొడుగునా ప్రయాణం అనేది ఒకటుంది. యానాం నుంచి మురమళ్ళ, అక్కడి నుంచి కోటిపల్లి, ముక్తేశ్వరం – గట్టు గట్టుకూ గుడులు, సంతలు, కాలేజీలు ఉన్నాయి. నిత్యకల్యాణానికి వచ్చే జంట కాకినాడ వైపు నుంచి యానాం దాకా బస్సులో వచ్చి, అక్కడ పడవెక్కి మా రేవులో దిగారనుకోండి, ఆలయం దగ్గర పార్కింగు గొడవ సగం తగ్గుతుంది. ఇది పర్యాటకం పేరు మీద చేసే పని కాదు, రోజువారీ బస్సు సర్వీసు లాంటిది. పర్యాటకులు వస్తే వస్తారు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? పెద్ద డ్రెడ్జరుతో కాదు. గంగ, బ్రహ్మపుత్రల మీద ‘బ్యాండలింగ్’ అని చేస్తారు. వెదురు గుంజలు పాతి, తడకలు కట్టి, నీటి ఒరవడిని ఒకే పాయలోకి మళ్ళిస్తారు. ఆ నీరే తన దారిలో ఇసుకను కోసుకుని లోతు చేసుకుంటుంది. వెదురు, తడక, పల్లెకారుల చేతి పని మన దగ్గర తక్కువేమీ కాదు. కడుతున్న రైలు వంతెనల దగ్గర, ఇక ముందు కట్టబోయే ప్రతి వంతెన దగ్గర, ఏ కమాను కింద నుంచి పడవ పోవాలో ముందే గుర్తు పెట్టి, స్తంభాలకు దీపం, రబ్బరు దిమ్మలు పెట్టాలి. పశువుల్లంక తర్వాత ఈ మాట మళ్ళీ చెప్పాల్సి రావడమే బాధ.

అన్నిటికంటే ముందు లోతు కొలవాలి. వరద తీసిన తర్వాత, అంటే నవంబరులో, యానాం నుంచి ముక్తేశ్వరం దాకా పాయ ఎటు పోయిందో పాటు వేళ చూసి, గుంజలు పాతి, ఎరుపు తెలుపు రంగు వేయాలి. ఏటా ఆ దారి మారుతుంది కాబట్టి ఏటా కొలవాలి. ఆ పనికి బయటి సర్వే కంపెనీ వాళ్ళ మిషను ఒక్కటీ చాలదు. ఎదుర్లంక, మురమళ్ళ, భైరవపాలెం పడవ వాళ్ళకు పాయ ఎక్కడ మలుపు తిరిగిందో, ఏ తిప్ప కొత్తగా లేచిందో గెడ దింపితేనే తెలిసిపోతుంది. వాళ్ళను జీతం మీద పైలట్లుగా తీసుకుని, మిషను వాళ్ళను వాళ్ళ పడవలోనే కూర్చోబెట్టాలి. ఆ కొలత పటం పూర్తయ్యాక, తేలే రేవు ఎన్ని అడుగుల పోటుకు సరిపోవాలో, దాని గొలుసు ఎంత పొడుగుండాలో తేలుతుంది. టెండరు అప్పుడు పిలవచ్చు.